పాలిష్ బండ మీద కోళ్లు

ఆ రోజుల్లో మా ఇంటికి ఎవరైనా వస్తే నేను మంచినీళ్లు ఇవ్వడం మరిచిపోయేదాన్ని గానీ, వాళ్ల కాళ్ల వైపు చూడటం మాత్రం మరిచిపోయేదాన్ని కాదు. చెప్పులు విప్పారా, విప్పినా పాదాలకు మట్టి ఉందా, ఉంటే గడప ముందరి గోనెపట్టాకు తుడుచుకున్నారా, ఇవన్నీ తేలాకే "బాగున్నరా" అనే మాట నా నోట్లోంచి వచ్చేది. మా ఆయనకు మేనమామ వరసయ్యే ఒక పెద్దాయన గుమ్మంలో నిలబడి, "లోపల్కి రమ్మంటవా బిడ్డా, కాళ్లు ఈడ్నే తీసిపెట్టి రమ్మంటవా?" అని అడిగాడు. నేను నవ్వాను. ఆయన వెళ్లిపోయాక ఆయన నిలబడిన చోటు తుడిచాను.

అంతటికీ కారణం ఆ బండలు. ఎనభైల మొదట్లో మేము మెట్‌పల్లిలో ఇల్లు కట్టినప్పుడు మా వాడకట్టులో సగం ఇళ్లు పేడతో అలికినవి, మిగతా సగం గచ్చువి. మాది షాబాదు బండ, అదీ పాలిష్ కొట్టించింది. మా ఆయన దుబాయిలో ఉన్నాడు. ఆయన అక్కడ ఎండలో ఇనుప చువ్వలు వంచుతుంటే నేను ఇక్కడ పాలిష్ మిషను పక్కన నిలబడి "ఇంకోసారి తిప్పు, ఇంకోసారి తిప్పు" అని పురమాయించాను. మిషను అతను విసిగిపోయి, "ఇంతకన్న తిప్పితే బండ కింది మట్టి కనబడతదమ్మా" అన్నాడు. చివరికి నా మొహం నాకు కనిపించేదాకా తిప్పించాను. కనిపించిన మొహం అంత గొప్పగా ఏం లేదు, అయినా నాకు తృప్తి కలిగింది. రోజూ బకెట్టు నీళ్లలో కొంచెం గ్యాస్‌నూనె, అదే కిరసనాయిలు, కలిపి తుడిచేదాన్ని. అలా తుడిస్తే నిగనిగలాడుతుంది. ఇల్లంతా గ్యాస్‌నూనె వాసన కొట్టేది కానీ, నా ముక్కుకు అది అత్తరే.

ఇల్లు కడుతున్నప్పుడు మేస్త్రీ, "కోళ్ల గూడు ఏ గోడకు పెట్టాలె?" అని మామూలుగా అడిగాడు. మా వైపు ఇల్లంటే గోడలో కోళ్ల గూడు ఉండాల్సిందే, పొయ్యి ఉన్నట్టే. నేను మాత్రం, "పాలిష్ బండల ఇంటికి కోళ్ల గూడేంది, నవ్వుతరు" అన్నాను. ఆ జాగాలో తామరపువ్వు డిజైను ఉన్న గ్రిల్లు పెట్టించాను. ఆ మాట ఎంత ఖరీదైందో తర్వాత తెలిసి, మూడు కాలాలూ ఆ తామరపువ్వు వైపు చూసి తిట్టుకున్నాను.

ఇల్లు పూర్తయింది కానీ ఆ ఇంట్లో నేను ఒక్కదాన్నే. పిల్లలు ఇంకా కలగలేదు. పగలంతా తుడవడంతో గడిచిపోయేది. దీపాలు పెట్టే వేళకు ఆ నున్నటి గదుల్లో నా మాట నాకే తిరిగి వినబడేది. నాకు భయం వేసేది, ఉన్నమాట చెప్పడానికి సిగ్గెందుకు. మా అత్తమ్మ ఊళ్లో పాత ఇంట్లో ఉండేది. "నేనాడికి రాను, నాకు టౌను పడది" అని మొండికేసి కూర్చుంది. ఆ వానాకాలం పాతింటి వెనక గోడ నాని కూలింది. మా ఆయన దుబాయి నుంచి మాటలు రికార్డు చేసిన క్యాసెట్టు పంపాడు. అందులో సగం దగ్గు, సగం బతిమాలడం. "అవ్వను ఒక్కదాన్ని ఊళ్లె ఇడిసిపెట్టకు. నువ్వు గూడ ఒక్కదానివి ఉండకు. ఇద్దరు ఒక్క కాడ ఉంటేనే నాకీడ అన్నం దిగుతది."

అత్తమ్మ ఒప్పుకుంది, కానీ ఒక మాట మీద. "నా కోళ్లు నాతోటి వస్తయి. రాత్రి అవి నాతోటి ఇంట్లనే పంటయి. కాదంటవా, నేను కూలిన గోడ కాడ్నే ఉంట." అది ఊరికే అన్న మాట కాదని నాకు తెలుసు. ఆమె పోతానంటే పోయే మనిషి. ఆమె పోతే నేను మళ్లీ నా మాట నేనే వింటూ కూర్చోవాలి. నేను బండల వైపు ఒకసారి చూసి, "రానీ అత్తమ్మా" అన్నాను.

ఆమె బస్సులోంచి గంప నెత్తిన పెట్టుకుని దిగింది. గంపలో పెట్టలు, వాటి మీద పెత్తనం చేసే ఒక ఎర్ర పుంజు. ముందరి గదిలో గంప దించి మూత తీసింది. మొదటి పెట్ట దర్జాగా అడుగు బయట పెట్టింది. పెట్టిన అడుగు ముందుకు పోయింది, రెండోది పక్కకు పోయింది, కోడి బండ మీద కూలబడింది. లేచింది, మళ్లీ పడింది. ఆ తర్వాత నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. మా అత్తమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని, "ఏం ఇల్లు కట్టినవే బిడ్డా, కోడికి గూడ కాలు ఆగుతలేదు" అంది. నేనది మెచ్చుకోలుగా తీసుకున్నాను. కోడి జారిందంటే పాలిష్ అంత బాగా కుదిరిందన్నమాటే కదా.

అదే రోజు సాయంత్రం నా యుద్ధం మొదలైంది. కోడి రెట్ట గురించి నాకు అప్పటిదాకా ఏమీ తెలియదని అర్థమైంది. అలికిన నేల మీద అది ఎండిపోతే చీపురుతో పోతుంది, లేదంటే మరునాటి అలుకుడులో కలిసిపోతుంది. పాలిష్ బండ మీద అది ఉన్నచోటే ఉండి, తీసేశాక కూడా తెల్లటి మచ్చ వదిలి పోతుంది. అత్తమ్మ తనకు తెలిసిన పద్ధతిలో పిడికెడు బూడిద చల్లి కొబ్బరిచిప్ప తీసుకుని గీకింది. ఆ చప్పుడుకు నా పళ్లు జివ్వుమన్నాయి. "అత్తమ్మా, గీకకు, గీతలు పడతయి" అన్నాను. "బండకు గీతలు పడుడేంది? బండ గదా" అంది ఆమె. పాపం, ఆమె తప్పేం ఉంది. ఆమె దృష్టిలో బండ అంటే మనుషులను భరించేది. నా ఇంట్లో మనుషులే బండను భరిస్తున్నారు.

మొదట యూరియా సంచులు పరిచాను. కోళ్లు వాటి మీద ఇంకా జారాయి, సంచీతో సహా గది ఈ చివరి నుంచి ఆ చివరికి పోయాయి. తర్వాత వడ్ల ఊక పోశాను. ఊక గాలికి లేచి అన్నంలోకి వచ్చింది, పప్పులోకి వచ్చింది, నా తలలోకి వచ్చింది. పక్కింట్లో బీడీలు చుట్టే ఆమె నా అవస్థ చూసి, ఆకు కత్తిరించగా మిగిలిన ముక్కలు చేటెడు తెచ్చి ఇచ్చింది. "గివి కింద పరువు, మెత్తగుంటయి, పొద్దుగాల ఊడ్చి పొయ్యిల పెట్టుకో" అంది. అవి నిజంగానే బాగున్నాయి, నేను తడి గుడ్డతో తుడిచేదాకా. తడి తగిలి బీడీ ఆకు రంగు బండకు పట్టింది. తెల్ల మచ్చలకు గోధుమరంగు మచ్చలు తోడయ్యాయి.

అప్పుడు నా తెలివి మొత్తం వాడాను. ఇత్తడి బిందె చింతపండుతో తోమితే బంగారంలా మెరుస్తుంది కదా, బండ మాత్రం ఎందుకు మెరవదు? అత్తమ్మ మంచం పక్కన మచ్చలు ఎక్కువగా ఉన్న చోట చింతపండు గుజ్జు పట్టించి, నానబెట్టి, చేతులు నొప్పి పుట్టేదాకా రుద్దాను. కడిగి చూస్తే మచ్చలు పోయాయి. మచ్చలతో పాటు పాలిష్ కూడా పోయింది. చుట్టూ అద్దంలాంటి బండ, మధ్యలో చాపంత మేర సున్నం రాసినట్టు గరుకుగా, తెల్లగా తేలింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని అప్పటిదాకా ఇతరుల గురించి అనేదాన్ని. నేను దాని మీద ఒక గోనెసంచి వేసి, ఏమీ జరగనట్టు వంటింట్లోకి పోయాను.

చివరికి గోనెసంచులే గతి అయ్యాయి. గది మొత్తం పాత గోనెసంచులు పరిచి, పొద్దున తీసి దులిపి, ఎండలో వేసి, సాయంత్రం ఇంకో వరస పరిచేదాన్ని. దుబాయి డబ్బుతో వేయించిన బండలు గోనెసంచుల కింద దాక్కున్నాయి. చూసినవాళ్లు ఇంట్లో పంట దించామనుకునేవాళ్లు. అయినా అత్తమ్మ ఇల్లంతా తిరిగేది. గింజలు చల్లుకుంటూ, పుంజును తిట్టుకుంటూ, నన్ను పిలుచుకుంటూ వంటింట్లోకి, వాకిట్లోకి, మళ్లీ గదిలోకి. ఇంట్లో మనిషి అలికిడి ఉండేది. లోపల్లోపల నాకది ఎంతో హాయిగా ఉండేది, పైకి మాత్రం గొణిగేదాన్ని.

మా ఆయనకు జవాబు క్యాసెట్టు రికార్డు చేయాల్సి వచ్చింది. టేపురికార్డరు ముందు కూర్చుని గొంతు సవరించుకుని, "ఇంట్ల అంతా మంచిగున్నది, బండలు అద్దం లెక్క మెరుస్తున్నయి, అత్తమ్మ ఖుషీగున్నది, నువ్వు ఫికర్ జెయ్యకు" అన్నాను. అప్పుడే పుంజు కూసింది. కూసి ఊరుకోలేదు, టేపురికార్డరు మీదికే ఎక్కింది. వెనక నుంచి అత్తమ్మ గొంతు, "ఓ పిల్లా, గా సంచి కింద గూడ కోడి రెట్ట ఏసినట్టుంది, జర సూడు" అంటూ వినబడింది. మళ్లీ రికార్డు చేద్దామంటే దుబాయికి తీసుకుపోయే మనిషి బస్సుకు టైమైందని గుమ్మంలో నిలబడ్డాడు. క్యాసెట్టు అలాగే పోయింది, పుంజుతో సహా.

తిరుగు క్యాసెట్టులో మా ఆయన మొదటి మాటే, "కోళ్లు ఇంట్ల ఎందుకున్నయి? ఎనుక పక్క గూడు కట్టియ్యి. బండలు పాడుచెయ్యకుండ్రి, నా పానం పోతది." అత్తమ్మ ఆ మాటలు మంచం మీద కూర్చుని విన్నది. కొడుకు గొంతు కదా, ఎదురు చెప్పలేదు. "సరే, కట్టియ్యి" అంది. నేను అంత సులభంగా గెలుస్తానని అనుకోలేదు. మరునాడే మేస్త్రీని పిలిచాను. అతను గూడు కడుతూ, "మొదట్లనే అడిగితిని" అని ఒక్కమాట అని ఊరుకున్నాడు.

కోళ్లు గూట్లోకి పోయిన రోజు నేను పండగ చేసుకున్నాను. సంచులన్నీ ఎత్తేశాను. బకెట్ల కొద్దీ నీళ్లు పోసి కడిగాను. గ్యాస్‌నూనె రెట్టింపు వేసి తుడిచాను. చింతపండు తిన్న తెల్ల మచ్చ తప్ప గదంతా తళతళలాడింది. గుమ్మంలో నిలబడి చూసుకుని మురిసిపోయాను. పక్కింటామె తొంగి చూసి, "గిప్పుడు ఇల్లు ఇల్లు లెక్కున్నది" అంది. ఆమెకు టీ పెట్టి ఇచ్చాను.

అత్తమ్మ ఆ రోజు మంచం దిగలేదు. అన్నానికి పిలిస్తే, "ఈడికే తే బిడ్డా, కాళ్లు గుంజుతున్నయి" అంది. మరునాడూ అదే మాట. గింజలు చల్లడానికి కూడా వాకిట్లోకి రాలేదు, నన్నే చల్లమంది. నాలుగు రోజులకో మాట అనేది, ఆ మాట ఒక్కటే: "నేను ఊళ్లెకు పోత. గోడ పెట్టిచ్చుకుంట." కోళ్లను బయట పెట్టినందుకు అలిగిందని నాకు నిశ్చయమైంది. నాకూ కోపం వచ్చింది. గూడు తన కొడుకే కట్టించమన్నాడు కదా, నా మీద అలుగుడేమిటి? అత్త మీది కోపం దుత్త మీద చూపించినట్టు గిన్నెలు ఎత్తిపడేశాను, తలుపులు దబదబా వేశాను. కానీ సాయంత్రమయ్యేసరికి ఆ కోపం నీరుగారి భయం మిగిలేది. ఈమె నిజంగా పోతే నేనేం కావాలి?

ఒకరోజు తగ్గి, "అత్తమ్మా, కోళ్లను మల్ల ఇంట్లకు తోల్కస్త, ఏమంటవ్?" అని అడిగాను. ఆ మాట అనడానికి నాకెంత కష్టమైందో చెప్పలేను. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఎందుకు, ఆడ మంచిగనే ఉన్నయి. నీ బండలు మంచిగున్నయి. నేనే పోత." కోళ్లు కాకపోతే మరి ఏమిటో నాకు అంతుపట్టలేదు.

తెలిసింది ఒక మధ్యాహ్నం. నేను బావి దగ్గర బట్టలు పిండి ఆరేసి, ఖాళీ బకెట్టుతో వెనక తలుపు దాకా వచ్చాను. అత్తమ్మ నన్ను చూడలేదు. మంచం దిగుతోంది. ఒక చేత్తో మంచం కోడు పట్టుకుని, ఇంకో చెయ్యి గోడకు ఆనించి, పాదాల వేళ్లు ముడుచుకుని, ఒక్కొక్క పాదం జరుపుతూ వస్తోంది. ఊళ్లో నెత్తి మీద బిందె, చంకలో బిందె పెట్టుకుని నడిచిన మనిషి. చింతపండు మచ్చ దాకా వచ్చి దాని మీద రెండు పాదాలూ పెట్టి ఆగింది. అక్కడ గోడ మీది చెయ్యి తీసింది. ఊపిరి పీల్చుకుంది. మళ్లీ గోడ పట్టుకుని తళతళలాడే బండ మీద అడుగు పెట్టబోయి, పెట్టలేక, వెనక్కి తీసుకుంది.

బకెట్టు అక్కడే పెట్టేసి పరుగెత్తాను. చెయ్యి పట్టుకున్నాను. "పడ్డవా అత్తమ్మా?" అన్నాను. "ఇప్పుడు కాదు. అచ్చిన కొత్తల పడ్డ" అంది. నడుముకు దెబ్బ తగిలిందట. నేను బజారుకు పోయినప్పుడట. ఎవరికీ చెప్పలేదట. "కొత్తింట్ల పడ్డనంటే నా కొడుకు మనసు ఖరాబైతది. నువ్వేమో గంత ముచ్చటగ తుడుచుకుంటివి. కోళ్లుంటే సంచులు పరుస్తివి గదా, నా కాలు ఆగుతుండె. గిప్పుడు ఆగుతలేదు బిడ్డా. పడి మంచాన పడితే నీకే పరేషాన్. గందుకే పోతన్న."

నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడవడానికి మొహమాటపడి, ఆమె పాదాల దగ్గర కూర్చుని మచ్చను కొంగుతో తుడుస్తున్నట్టు నటించాను. ఆమె ఆ ఇల్లు వదిలి పోవడానికి సిద్ధపడింది నేను రోజూ తుడిచి తుడిచి తయారుచేసిన నునుపు వల్ల. సంచులు మళ్లీ పరుస్తానంటే ఒప్పుకోలేదు. "కోళ్లు లేని ఇంట్ల సంచులెందుకని అడుగుతరు. ముసల్దానికి కాళ్లు ఆగుతలేవని వాడకట్టంత చెప్పుకుంటవా?" అంది. ఆ గర్వం నాకు తెలిసిందే, నేనూ అదే తిని బతుకుతున్నాను. "ఒక్క వారం ఆగు అత్తమ్మా, గంతే" అని బతిమాలాను. వారంలో ఏం చేస్తానో నాకే తెలియదు. చింతపండుతో గదంతా తోముదామా అని కూడా ఆలోచించాను.

ఆ వారంలోనే వీధిలో కేక వినబడింది. "ఇసుర్రాళ్లకు గంట్లు కొడ్తం, రోళ్లకు గంట్లు కొడ్తం." అరిగి నున్నబడిన తిరుగళ్లను ఉలితో గరుకు చేసే మొగుడూ పెళ్లాలు. ఏటా ఎండాకాలం వస్తారు. నేను ఆ ఇద్దర్నీ లోపలికి పిలిచాను. పెళ్లాం ఉలి, సుత్తి పట్టుకుని గది అంతా చూసింది. "ఇసుర్రాయి ఏదమ్మా?" అంది. "గిదే" అని నేల చూపించాను. ఆమె బండను చూసి, నన్ను చూసి, మొగుణ్ణి చూసింది. "దీని మీద ఏం ఇసురుతవ్?" అంది. "మా అత్తమ్మ నడుస్తది" అన్నాను. ఆమె కొంగు నడుముకు చుట్టి కూర్చుంది.

మంచం నుంచి వంటింటి దాకా, మంచం నుంచి వాకిలి దాకా కొట్టించాను. మొదటి దెబ్బకు కళ్లు మూసుకున్నాను, పాలిష్ మిషను పక్కన నిలబడ్డ నేనే. చప్పుడుకు వాడకట్టంతా గుమ్మంలో చేరింది. పక్కింటామె నోటి మీద చెయ్యి పెట్టుకుని, "దీనికేమన్న సోకిందా, పాలిష్ బండకు గంట్లేంది?" అని పక్కనామెతో అంది. నాకు వినబడేలాగే అంది. మా ఆయనకు ఏం చెప్పాలో తెలియక నేను తికమకపడుతుంటే, తర్వాతి క్యాసెట్టులో అత్తమ్మే చెప్పింది: "బండలు కోళ్లు గీకినయి బిడ్డా. ఏం జేస్తం, నోరులేని జీవాలు." కోళ్లు అంత వరసగా, గీటు గీసినట్టు ఎలా గీకాయని ఆయన అడగలేదు. సెలవు మీద వచ్చినప్పుడు నేల చూశాడు, తల్లి నడక చూశాడు.

అయితే నేను కనిపెట్టిన ఈ ఉపాయంలో ఒక లోపం ఉంది. గరుకు బండ మీద అత్తమ్మ కాళ్లే కాదు, కోళ్ల కాళ్లు కూడా ఆగుతాయి. గూడు ఉన్నా, పగలంతా తలుపు తీసి ఉంటే ఆ ఎర్ర పుంజు తన పరివారంతో దర్జాగా లోపలికి నడిచి వచ్చేది. అంతకుముందు రెట్ట బండ మీద ఉండేది, ఇప్పుడు గంట్లలో ఇరుక్కునేది. గుడ్డకు రాదు, చీపురుకు రాదు. మెట్‌పల్లి మొత్తంలో తుడవడానికి అన్నిటికన్నా కష్టమైన నేల నా ఇంట్లోనే ఉంది, నేనే దగ్గరుండి కొట్టించుకున్నాను.

రోజూ పొద్దున చీపురుపుల్ల ఒకటి తీసుకుని, వంగి కూర్చుని, గంటు గంటుకూ పుల్ల పెట్టి తీసేదాన్ని. అత్తమ్మ పక్కనే ఉండి చూపించేది. "ఆడ ఇంకింత ఉన్నది. ఆడ కాదు, ఇటు. కండ్లు కనబడ్తలెవ్వా పోరీ?" ఒకరోజు విసుగొచ్చి గట్టిగా ఏదో అందామని తలెత్తాను. ఆమె గది నడిమధ్యలో నిలబడి ఉంది. మంచం ఒక పక్క, గోడలు నాలుగు పక్కలా దూరంగా. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని ఉంది.

"ఏడ అత్తమ్మా?" అన్నాను.

"గా మూలకు" అని నడుచుకుంటూ పోయి, కాలితో చూపించింది.